స్టోరు బియ్యం, కొర్రలు: అంగడి ఎవరి మాట వింటుంది?

నంద్యాల, ఆళ్లగడ్డ అంగళ్లలో కొర్రలు ఇవాళ ఆరోగ్యాహారం పేరుతో పొట్లాల్లోకెక్కాయి. ఒకప్పుడు మాల మాదిగ గేరుల్లో పొయ్యి మీద ఉడికిన గింజే అది. అప్పుడు దాన్ని బీదోళ్ల తిండి అని ఈసడించారు. ఇప్పుడు దాన్ని కొనే తాహతు బీదోళ్లకు లేదు. ఇదెట్లా జరిగింది? జనం అలవాట్లు మార్చుకున్నారనో, వాళ్లకు ఆరోగ్యం మీద తెలివి లేదనో చెప్పి తప్పుకోవడం సులువు. మేము మాత్రం దీన్ని భూమి చరిత్రలో, అంగడి చరిత్రలో వెతకాలంటున్నాం.

కర్నూలు-కడప కాలువ పని 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ చేతిమీద మొదలైంది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. కాలువ కింద మాగాణి వచ్చింది, వరి వచ్చింది. మాగాణి ఎవరి పేరున ఉందో, నాట్లు వేసిందెవరో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. వరి నాటిన ఇండ్లలో వరన్నం పండక్కీ పబ్బానికే. మిగతా దినాల్లో జొన్న సంగటి, కొర్రన్నం, అంబలి. ఆ గింజ కూడా చాలావరకు కూలి కింద కళ్లంలో కొలిచి పోసిందే. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఎందరికో అన్నం పెట్టాడని సీమ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మంచిని మేము కాదనం. కానీ దానం తీసుకున్నవాడికి మరునాడు అడిగే హక్కుండదు.

అంగడి కూడా ఊరి పెద్దల మాటే విన్నది. బొంబాయి ప్రభుత్వం 1928లో వేసిన స్టార్ట్ కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. అంటరానివాళ్లు హక్కులడిగితే పని మానిపించడమే కాదు, సరుకులు అమ్మొద్దని ఊరి వర్తకుడికి కట్టడి చేస్తారని 1930లో ఆ కమిటీ తేల్చింది. అరుగు కింద నిలబడి, దూరం నుంచి పైసలు వేసి, కొంగులో సరుకు పోయించుకోవడం మన సీమ పెద్దలకూ ఎరుకే.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఓట్ల పథకమని వెక్కిరించినోళ్లున్నారు. గేరికి మాత్రం అది వేరే అర్థంలో చేరింది. కార్డు చూపి, తూకం వేయించుకుని, ఎవరి దయా లేకుండా తెచ్చుకున్న బియ్యమది. పండగ తిండి రోజు తిండి అయింది. 1991లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉంటూ నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచాడు. మరుసటేడే కేంద్రం వెనకబడిన ప్రాంతాల్లో చౌక దుకాణాలను పెంచే పథకం తెచ్చింది. కానీ జొన్నకూ కొర్రకూ అందులో చోటు దొరకలేదు. 2011లో కిలో రూపాయి అయింది, 2023 నుంచి ఉచితమైంది. సంచిలో ఉన్నది మాత్రం పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే.

ఇంతలో నల్లరేగళ్లలో పంట మారింది. 1990ల చివరి నుంచి జేజీ-11 లాంటి పప్పుశనగ రకాలు జొన్న చేలను ఆక్రమించాయి. కూలి డబ్బుల్లోకి మారింది. గింజ ఇంటికి రావడం ఆగిపోయింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఈ నష్టం ఎక్కువగా మోసింది చివరగా తినే ఆడవాళ్లే.

విత్తనం లేదా అంటే ఉంది. 1906లో పెట్టిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమే సూర్యనంది లాంటి కొర్ర రకాలను ఇచ్చింది. చట్టం లేదా అంటే అదీ ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం చిరుధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వొచ్చంది. 2023లో రాయలసీమలో బియ్యానికి బదులుగా కొంత రాగులు, జొన్నలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. "బదులుగా" అన్న మాట దగ్గరే మాకు పేచీ.

అసలు దారి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చూపింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. 1990లలో వాళ్లు ముందస్తు పెట్టుబడి ఇచ్చి బీళ్లను సాగులోకి తెప్పించారు. రైతులు ఆ బాకీ జొన్నల్లో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి బీద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు బీదలో తేల్చింది కూడా ఊరివాళ్లే. భూమి, గిడ్డంగి, తూకం ఒకే చేతుల్లో ఉన్నందువల్లే అది నిలబడింది.

2021లో రేషన్ బండ్లు వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్లీ స్టోర్లు వచ్చాయి. బండా స్టోరా అన్న చర్చే జరిగింది గానీ, లోపల ఏముండాలో గేరిని ఎవరూ అడగలేదు. పాత సంగటికి తిరిగి పొమ్మని మాకెవరూ బోధించొద్దు. బియ్యం మా తల్లులు గెలుచుకున్నది, అది ఉండాల్సిందే. దాని పక్కన కొర్ర, జొన్న, పప్పు అదే కార్డు మీద చేరాలి. వాటిని నంద్యాల, ఆళ్లగడ్డ దళిత కౌలుదారుల దగ్గర గిట్టుబాటు ధరకు కొనాలి. స్టోరు తూకం ఆ గేరి ఆడవాళ్ల సంఘాల చేతికి రావాలి.