వేంగి చాళుక్యుల వరాహ లాంఛనం

వరాహ లాంఛనం తూర్పు చాళుక్యుల రాజచిహ్నం. పోలవరం దగ్గర కొండలు దిగి మైదానంలో పడే గోదావరి, సముద్రంలో కలిసేదాకా పారే నేలంతా 7వ శతాబ్ది నుంచి 11వ శతాబ్ది దాకా ఈ గుర్తు కిందే ఉంది.

గుర్తు బాదామి నుంచి వచ్చింది. నారాయణుడి అనుగ్రహంతో తమకిది దక్కిందనీ, చూసినంతనే శత్రువులు లొంగుతారనీ చాళుక్యుల శాసనాలు చెబుతాయి. మునిగిన భూమిని పైకెత్తిన ఆదివరాహం కంటే, భూమిని కాపాడతానన్న రాజుకు తగిన గుర్తు మరొకటి కనిపించదు. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతంలో వేంగిలో రాజ్యం నెలకొల్పాక ఆ గుర్తు ఇక్కడా స్థిరపడింది.

పాలిధ్వజం వంటి జెండాల ప్రస్తావన బాదామి శాసనాల్లో ఉంది కానీ, గుడ్డ జెండాలేవీ కాలానికి నిలవలేదు. నిలిచినవి రాగిరేకుల ముద్రలు. దానశాసనం చెక్కిన రేకులకు చిల్లు పెట్టి, రాగి కడియం దూర్చి, దాని కొసలు కలిసేచోట గుండ్రటి ముద్ర బిగించేవారు. ముద్ర చెదరకుండా రేకు మార్చడం కష్టం. అంటే ఆ వరాహం అలంకారం కాదు, దానం పొందినవాడి హక్కుకు కాపలా.

తొలినాళ్ల ముద్రలపై రాజుల సొంత బిరుదులు ఉండేవి: విష్ణువర్ధనుడిది విషమసిద్ధి, జయసింహుడిది సర్వసిద్ధి. తర్వాత ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్నది వంశానికంతటికీ స్థిరపడింది. ఆ మాటకు బొమ్మగా అంకుశం, పక్కన సూర్యచంద్రులు, కింద తామర చేరాయి. సూర్యచంద్రులున్నంత కాలం దానం చెల్లాలన్నది శాసనాల్లో మామూలుగా కనిపించే మాటే.

మొదటి శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని బంగారు నాణేల నడుమ కూడా వరాహమే. ఇవి బర్మాలో అరకాన్ తీరాన ఉన్న చెదుబా దీవిలోనూ దొరికాయి. బంగాళాఖాతం మీది రాకపోకలకు ఇంతకంటే గట్టి ఆనవాలు అరుదు.

రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. చోళుల గుర్తు పులి. అయినా వేంగిని పాలించడానికి వచ్చిన అతని కొడుకు వీరచోడుడు ఇచ్చిన చెల్లూరు శాసనం ముద్రపై పాత వరాహమే, త్రిభువనాంకుశ అన్న అక్షరాలే ఉన్నాయి.