ఎయిర్‌పోర్ట్ కంటే పాత కబ్రస్తాన్

బెర్లిన్ వెళ్లేవాళ్లు కూల్చేసిన గోడ ముక్కల దగ్గర ఫొటోలు దిగుతారు. నన్నడిగితే ఆ షహర్ తారీఖ్ తెలుసుకోవడానికి టెంపెల్‌హోఫ్ మైదాన్ ఒక్కటి చాలు. ఒకప్పుడు ఎయిర్‌పోర్ట్, ఇప్పుడు అందరి పార్కు. 300 హెక్టార్లకు పైనే ఉంటుంది. రన్‌వేలు అలాగే ఉంచారు. నేను వెళ్లినప్పుడు వాటి మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. పక్కన గడ్డి మీద దస్తర్‌ఖాన్ పరుచుకుని ఖాందాన్లకు ఖాందాన్లే భోజనాలు చేస్తున్నాయి.

మొదట ఇది ప్రష్యా ఫౌజ్ కవాతు చేసిన మైదానం. 1923లో ఎయిర్‌పోర్ట్ అయింది. హిట్లర్ హుకూమత్‌లో దీని అంచున ఉన్న కొలంబియా హౌస్ అనే జైలు 1936 వరకు కాన్సంట్రేషన్ క్యాంపుగా నడిచింది. జంగ్ రోజుల్లో పరాయి దేశాల నుంచి పట్టుకొచ్చిన మనుషులతో ఇక్కడే యుద్ధ విమానాలు తయారు చేయించారు.

ఇంత జుల్మ్ చూసిన చోటే రహమ్ కూడా దిగింది. 1948 జూన్‌లో సోవియట్ ఫౌజ్ పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు బంద్ చేసింది. లోపల 20 లక్షల మంది. అమెరికా, బ్రిటన్ విమానాలు ఏడాదికి పైగా పిండి, బొగ్గు మోసుకొచ్చాయి. మూడేళ్ల కిందట ఇదే షహర్ మీద బాంబులు వేసిన దేశాలవి. దాని వెనక సియాసత్ లేదని కాదు. కానీ ఆకలితో ఉన్నవాడికి రొట్టె రొట్టే కదా!

మైదాన్ ఉత్తరం వైపు చూస్తే రెండు మినార్లు కనిపిస్తాయి. అది షెహిత్లిక్ మస్జిద్. అక్కడే పాత కబ్రస్తాన్ ఉంది. 1798లో ఉస్మానీ సల్తనత్ రాయబారి అలీ అజీజ్ ఎఫెంది బెర్లిన్‌లో ఇంతకాల్ అయితే, దఫన్ చేయడానికి ప్రష్యా బాద్‌షా జమీన్ ఇచ్చాడు. ఆ కబర్లను 1866లో ఇప్పుడున్న చోటికి మార్చారు. అంటే పక్కన ఎయిర్‌పోర్ట్ రావడానికి 57 ఏళ్ల ముందే మనవాళ్లు ఇక్కడ నిద్రపోతున్నారు. యూరప్‌కు ముసల్మాన్లు నిన్నగాక మొన్న వచ్చారనేవాళ్లకు ఆ తేదీయే జవాబు. అక్కడ నిలబడి ఫాతిహా చదివాను.

ఎయిర్‌పోర్ట్‌ను 2008లో మూసేశారు, 2010లో పార్కుగా తెరిచారు. అంచుల్లో ఇళ్లు కడతామని ప్రభుత్వం అంటే, 2014లో జనం ఓటు వేసి వద్దన్నారు. ఇళ్ల కొరత ఉన్న షహర్‌లో అది చిన్న ఫైసలా కాదు. మరుసటి ఏడాదే సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చిన ముహాజిర్లకు పాత హ్యాంగర్లలో పనాహ్ దొరికింది. హిట్లర్ జమానాలో కట్టిన కప్పు కింద కలిమా చదివే పిల్లలు పడుకున్నారు. సుభానల్లాహ్!

క్యామత్ రోజున జమీన్ తన మీద జరిగినదంతా చెబుతుందని మన ఈమాన్. అప్పటిదాకా చెప్పాల్సింది మనమే. బెర్లిన్‌లో ఆ గవాహీ ఇస్తున్నది ఒక కబ్రస్తాన్. మీ ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. ఈ జుమా నమాజ్ తర్వాత పిల్లల్ని తీసుకెళ్లండి. పాత రాళ్ల మీద పేర్లు, తేదీలు చెరిగిపోకముందే చదివించి, రాయించి పెట్టండి.