మగవారిలో ఓవర్‌యాక్టివ్ బ్లాడర్: కారణాలు, చికిత్స

పెళ్లికి వెళితే ముందు బాత్‌రూమ్ ఎక్కడుందో చూసుకోవడం, బస్సు ప్రయాణమంటే పొద్దుటి నుంచే నీళ్లు మానేయడం, రాత్రి మూడు నాలుగు సార్లు లేవడం. యాభై దాటిన మగవారిలో చాలామంది ఈ బాధను ఇంట్లో కూడా చెప్పుకోరు. ‘వయసు మీద పడింది, ఇంతేలే’ అని సరిపెట్టుకుంటారు. వయసుతో ఈ సమస్య పెరిగే మాట నిజమే. కానీ దాని వెనక ఏదో ఒక కారణం ఉండవచ్చు, చికిత్సా ఉంది.

అసలేమిటిది?

మూత్రాశయం మామూలుగా 300 నుంచి 500 మి.లీ. మూత్రాన్ని పట్టి ఉంచుతుంది. నిండుతున్నంతసేపూ దాని గోడలోని కండరం వదులుగా ఉండాలి. ఈ సమస్యలో అది నిండకముందే బిగుసుకుంటుంది. దాంతో ఉన్నట్టుండి ఆపుకోలేనంత ఒత్తిడి వస్తుంది. ఇదే ముఖ్య లక్షణం. రోజుకు ఎనిమిది సార్లకు మించి వెళ్లడం, రాత్రి నిద్ర లేవాల్సి రావడం, కొందరికి బాత్‌రూమ్ చేరేలోపే బట్టలు తడవడం కూడా ఉంటాయి.

కారణాలు

ప్రోస్టేట్: ఈ గ్రంథి పెరిగి మూత్రనాళం ఇరుకైతే మూత్రాశయం గట్టిగా నెట్టాల్సి వస్తుంది. కొన్నేళ్లకు కండరం తీరే మారిపోతుంది. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంటే దీన్ని అనుమానించాలి.

షుగర్: అదుపు తప్పితే మూత్రం ఎక్కువగా తయారవుతుంది. ఏళ్ల తరబడి ఉంటే నరాలూ దెబ్బతింటాయి.

నరాల జబ్బులు: పక్షవాతం, పార్కిన్సన్స్, వెన్నుపాము దెబ్బలు.

ఇతరాలు: మలబద్ధకం, అధిక బరువు, టీ, కాఫీ, మద్యం. బీపీకి, కాళ్ల వాపుకు ఇచ్చే నీటి మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు కూడా మూత్రాన్ని పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకూడదు; వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్ని అడగాలి.

ఇన్ఫెక్షన్, మూత్రాశయంలో రాయి, అరుదుగా క్యాన్సర్ కూడా ఇవే లక్షణాలతో కనిపించవచ్చు. అందుకే పరీక్ష తప్పనిసరి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు

మూడు రోజులపాటు ఏ టైముకు ఎంత తాగారో, ఏ టైముకు ఎంత మూత్రం వచ్చిందో కొలిచి రాయండి. బయట కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ ధారాళంగా మాట్లాడేవారికి కూడా ఇలాంటి బాధ చెప్పేటప్పుడు తెలుగు మాటే నోటికొస్తుంది. కోడలి ముందో మనవడి ముందో చెప్పాలంటే మొహమాటం. అంకెలున్న ఆ కాగితం మీ తరఫున సగం మాట్లాడుతుంది.

మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేస్తారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. అవసరాన్ని బట్టి పీఎస్ఏ రక్తపరీక్ష రాస్తారు.

చికిత్స

మొదట అలవాట్లు. నీళ్లు మానేయకండి, మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా చిరాకు పడుతుంది. పగలు తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. గంటకోసారి వెళ్తుంటే గంటంపావు ఆగడం అలవాటు చేసుకోండి. వారానికి పావుగంట చొప్పున పెంచండి. గాలి పోకుండా బిగబట్టేటప్పుడు వాడే కండరాలను ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలండి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది.

తర్వాత మందులు. ప్రోస్టేట్ వల్లయితే ముందుగా టామ్సులోసిన్ వంటివి ఇస్తారు; లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగవచ్చు. కండరాన్ని శాంతపరిచే సోలిఫెనసిన్, టోల్టెరోడిన్ వల్ల నోరు ఎండిపోవడం, మలబద్ధకం, పెద్దవారిలో మతిమరుపు, తికమక రావచ్చు. మిరాబెగ్రాన్‌తో ఇవి తక్కువ, కానీ బీపీ చూసుకుంటూ ఉండాలి. లోపల మూత్రం ఎక్కువగా మిగిలిపోయేవారు కండరాన్ని శాంతపరిచే మందులు వేసుకుంటే మూత్రం పూర్తిగా బిగదీసుకుపోవచ్చు. పక్కింటాయనకు పనిచేసిన మాత్రను మీరు వాడకూడదనేది ఇందుకే.

మందులతో తగ్గకపోతే మూత్రాశయంలో బొటాక్స్ ఇంజెక్షన్, నరాలకు స్వల్ప విద్యుత్ ప్రేరణ వంటి చికిత్సలున్నాయి.

ఆలస్యం చేయకూడనివి

మూత్రంలో రక్తం, జ్వరంతో మంట ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, హఠాత్తుగా కాళ్లలో బలం తగ్గినా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.