తేనెపట్టులో ‘నేను’

బలవంతుడు శత్రువైతే అతణ్ణి ఎదిరించడం కష్టమే కాని, ఎందుకు ఎదిరించాలన్న సందేహం కలగదు. మన మేలు కోరేవాడు చేయి చాచి, ‘నాలో కలిసిపో’ అని పిలిచినప్పుడే అసలు చిక్కు. అమెరికా టెలివిజన్‌లోని సైన్సు ఫిక్షన్ దాదాపు ఆరు దశాబ్దాలుగా ఈ చిక్కుముడిని విప్పుతూనే ఉంది.

1967 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ భాగం ‘ద రిటర్న్ ఆఫ్ ది ఆర్కాన్స్’లో లాండ్రు అనే యంత్రం ఒక గ్రహంలోని జనులందరినీ ఒకే ‘దేహం’గా నడుపుతుంది. శాంతి ఉంది, సృజన లేదు. కెప్టెన్ కర్క్ యంత్రంతో వాదించి, అది చేస్తున్నది కీడేనని దానిచేతనే ఒప్పించి, నాశనం చేస్తాడు. యంత్రం కాబట్టి తీర్పు సులభమైంది.

మరుసటి నెలలో వచ్చిన ‘దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్’ అంత సులభంగా తేలదు. అక్కడ ఒక మొక్క వెదజల్లే రేణువులు సోకినవారికి ఆరోగ్యం, ఆనందం, సమష్టితో మమేకమైన భావం కలుగుతాయి. కర్క్‌ను అందులోనుండి విడిపించేది అతని కోపం. ఆ కిటుకు తెలిసి, స్పాక్‌ను కూడా తిట్టి రెచ్చగొట్టి బయటికి లాగుతాడు. అయితే జీవితంలో మొదటిసారి తాను సుఖంగా ఉన్నది అక్కడేనని చివరకు స్పాక్ అంటాడు. విముక్తుడి నోట వచ్చిన ఆ మాటకు కథలో సమాధానం లేదు.

1989లో ప్రవేశించిన బోర్గ్‌లు అడగరు, ఆక్రమిస్తారు. వారితో పోరాటమే గాని సంశయం లేదు. కాని 1997లో ‘వాయేజర్’లోని ‘యూనిటీ’ కథ ఆ సంశయాన్ని తిరిగి తెచ్చింది. బోర్గ్ బంధం తెగిపోయిన మనుషులు ఒక గ్రహంమీద జాతులవారీగా కొట్టుకు చస్తుంటారు. వారిలో కొందరు సజ్జనులు, శాంతి కోసం మనసులను మళ్లీ ముడివేయాలనుకుంటారు. గాయపడిన చకోటేను అతని అనుమతితోనే తమ మనసులతో కలుపుకొని స్వస్థపరుస్తారు. కెప్టెన్ జేన్‌వే సహాయానికి నిరాకరించగానే మాత్రం, అదే బంధంతో అతణ్ణి లోబరచుకొని పని జరిపించుకుంటారు. శాంతి వచ్చింది. అనుమతి ఏమైంది?

2025లో విన్స్ గిలిగన్ సృష్టించిన ‘ప్లూరిబస్’ ఈ ప్రశ్నను భూగోళమంతటికీ విస్తరింపజేసింది. పిడికెడు మంది తప్ప మానవజాతి అంతా ఒకే మనసైపోతుంది. ఆ మనసు అబద్ధమాడదు, జీవహింస చేయదు, చెట్టునుండి పండైనా కోయదు. దానిని నిరాకరించే కెరోల్ ఆదర్శమూర్తి కాదు. తాగుతుంది, కసురుకుంటుంది, తాను రాసే నవలలను తానే గౌరవించుకోదు. 1967లో మనిషిని విడిపించిన కోపమే ఇక్కడ ప్రాణాలు తీస్తుంది: కెరోల్ ఆగ్రహానికి ఆ ఉమ్మడి మనసు కంపించి, కోటిమందికి పైగా మరణిస్తారు. నైతికబలం ఎటువైపున్నట్టు?

అయినా ఆ దయామయ చిత్తం ఆమె అనుమతి లేనిదే ఆమె శరీరాన్ని తాకనంటూనే, ఆమె ఎప్పుడో భద్రపరచుకున్న అండాలతో పని కానిచ్చుకొనే దారి వెతుకుతుంది. ‘యూనిటీ’లోని సజ్జనులూ చేసింది ఇదే. మర్యాద నిజమైనదే, ప్రేమా నిజమైనదే కావచ్చు. అవి ‘వద్దు’ అన్న మాట దాకా వచ్చి ఆగిపోతాయి.

అంగీకారం ఇద్దరి మధ్య జరిగే విషయం. కాదనే రెండవ మనిషి ఉన్నంతవరకే ఔననడానికి విలువ. కెరోల్‌కు కాపాడుకోదగిన గొప్పతనమేదీ లేకపోవచ్చు. కాదనే ఆ హక్కు ఉన్నది గొప్పవారికోసం మాత్రమే కాదు గదా!