కోనసముద్రం మూస నుంచి కొండాపూర్ సైలెన్సర్ దాకా

కోనసముద్రం కొలిమివాళ్లు ఇనుము కంటే ముందు మట్టిని చూసుకునేవారు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరికి 1820లలో వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ, అక్కడి ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి మకాం వేసిన వర్తకుణ్ని కూడా చూశాడు. ఆయన రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఉక్కు వండే మూసకు వాడే మట్టిలో వరి ఊక కలిపేవారు. కొలిమిలో ఊక మాడి బొగ్గవుతుంది, అందులోని సిలికా మట్టిలో మిగిలిపోయి దానికి ఎముకలా నిలుస్తుంది. లోపల ఇనుము కరుగుతున్నా మూస కుంగదు. అలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల గురించి మనవాళ్లు పేజీలకు పేజీలు రాశారు గాని, ఆ మూసను పట్టించుకున్నవాళ్లు తక్కువ. కారు పొగగొట్టానికి వేసే పూతల కథ నేను అక్కడే మొదలుపెడతాను. ఎందుకంటే ఇవాళ డబ్బాలో దొరికే, వేడిని తట్టుకునే రంగులో నిలిచేది కూడా సిలికాన్, ఆక్సిజన్ మధ్య ఉన్న ఆ గట్టి బంధమే.

ఇంకాస్త దగ్గరి పాఠం కళాయివాడు చెప్పాడు. ఇత్తడి గిన్నెను ఇసుక వేసి తోమి తోమి, తిత్తి ఊది కాచి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క చుట్టు చుట్టేవాడు. గిన్నె లోపల వెన్నెల పరుచుకునేది. నవాసాగరం పని లోహం మీది మకిలిని తినేయడం. అది చేరని చోట తగరం నిలవక జారిపోతుంది. తోమడానికి అరగంట, పూతకు అరనిమిషం. ఆ లెక్క నేటికీ మారలేదు. మన ఇళ్లలో ఇంకో పూత కూడా ఉండేది: కట్టెల పొయ్యి ఎక్కించే ముందు గిన్నె అడుగున పూసే మట్టి. మసితో పాటు సులువుగా ఊడిపోవాలని పూసిన పూత అది. ఈ మధ్య నా కారుకు వేసిన రంగు కూడా ఆ కోవలోదేనని తర్వాత తెలిసింది.

కార్లు హైదరాబాదుకు దర్బారు దారినే వచ్చాయి. ఆరో నిజాం ఆర్డరు పెట్టిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో మెరుస్తూ ఉంది. జనానికి మోటారు అందింది మాత్రం 1932లో, నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు. ఆ రోజుల్లో పొగగొట్టమంటే పోత ఇనుమూ, మామూలు ఉక్కు గొట్టమూ. తుప్పు పడితే మార్చేవారు. విదేశాల్లో ఖరీదైన కార్లలో ఇంజన్‌కు అతుక్కుని ఉండే పోత ఇనుప మానిఫోల్డ్‌కు గాజు పొడిని సుమారు 800 డిగ్రీల దగ్గర కరిగించి ఎనామిల్ చేసేవారు. అందంగా ఉంటుంది, తుప్పు రానివ్వదు, రాయి తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది. మామూలు ఆయిల్ రంగుల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిలోని జిగురు 200 డిగ్రీలు దాటితే మాడి పొడవుతుంది.

ఆ జిగురునే మార్చిన పదార్థం రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చింది. 1940లో రసాయన శాస్త్రవేత్త యూజీన్ రోచో సిలికోన్‌లను చవగ్గా చేసే దారి కనిపెట్టాడు, 1943లో డౌ కార్నింగ్ సంస్థ పుట్టింది. సిలికోన్ జిగురులో అల్యూమినియం రేకుపొడి కలిపితే 600 డిగ్రీల దాకా తట్టుకునే వెండి రంగు తయారైంది. నల్లరంగు కావాలంటే లోహ ఆక్సైడ్లు కలుపుతారు. పూత పగలకుండా పొరలుపొరలుగా పట్టి ఉంచడానికి అభ్రకం పొడి వేస్తారు. అభ్రకం అనగానే నెల్లూరు వైపు గూడూరు గుర్తు రాని తెలుగువాడు ఉండడు. పొగగొట్టానికి రాతినార (ఆస్బెస్టాస్) పట్టీలు చుట్టే అలవాటు కూడా ఒకటుండేది. పులివెందుల వైపు రాతినార గనులుండేవి. ఊపిరితిత్తులకు అదెంత చేటో తెలిశాక ఆ పట్టీలకు దూరంగా ఉండడమే మేలు. పాత లారీకో పాత జనరేటరుకో అలాంటి బూడిదరంగు చుట్టు కనిపిస్తే గోళ్లతో పీకకండి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో వేడి తట్టుకునే అల్యూమినియం రంగులకు ఐఎస్ 13183 పేరుతో ప్రమాణం ఇచ్చింది. డబ్బా మీద ఆ అంకె ఉందో లేదో చూసి కొనడం నా అలవాటు.

ఇక్కడ మన నగరం గురించి ఒక మాట గర్వంగానే చెప్పాలి. వేడి లోహాల విద్యలో దేశానికి పెద్ద బడి హైదరాబాదే. 1963లో రక్షణ లోహ పరిశోధనశాల వచ్చింది, 1973లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని. కాంచన్‌బాగ్ పక్కనే బాలాపూర్‌లో 1997 నుంచి లోహపు పొడుల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ స్వయంప్రతిపత్తితో నడుస్తోంది. జెట్ ఇంజన్ రెక్కలకు ప్లాటినం అల్యూమినైడ్ పూత మీద పరిశోధన జరిగింది, డిటొనేషన్ స్ప్రేతో పొడిని తుపాకీ గుండులా లోహానికి కొట్టి అతికించే యంత్రాలు నడిచాయి, అన్నీ ఆ కొసనే. 1960లలో అమెరికా ఎక్స్-15 విమానం రాకెట్ నాజిల్‌కు వాడిన జిర్కోనియా పూతకు ఇవన్నీ చుట్టాలే. రేసు కార్ల మానిఫోల్డ్‌కు ప్లాస్మాతో కొట్టే సిరామిక్ పూత కూడా ఆ ఇంటిదే.

అదే నగరంలో 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభించారు. మాదాపూర్ బండల మధ్య కొత్త ఊరు లేచింది. దాదాపు అదే రోజుల్లో పొగగొట్టం లోపల కూడా ఒక ప్రభుత్వం మారింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. 2010లో హైదరాబాదుకు బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు, 2020 ఏప్రిల్‌లో దేశమంతటికీ బీఎస్-6. కన్వర్టర్ పనిచేయాలంటే దానికి సుమారు 250, 300 డిగ్రీల వేడి త్వరగా అందాలి. డీజిల్ కారులో మసి వడపోత తనను తాను కాల్చుకునేటప్పుడు 600 డిగ్రీల దాకా పోతుంది. అందుకే కంపెనీలు సుమారు 11 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ గొట్టాలకు, అల్యూమినియం పూత పూసిన ఉక్కుకు మళ్లాయి. పైన రేకు కవచాలు బిగించాయి. కొత్త కారుకు రంగు అక్కర్లేదన్నమాట. గడగడమంటోందని ఆ రేకును పీకి పారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఐటీ కారిడార్‌లో విచిత్రమేమిటంటే, కార్ల లెక్కలు ఇక్కడే జరుగుతాయి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉంది. తెర మీద కారు డిజైన్లు కదులుతాయి. ఆ ఉద్యోగుల పాత కార్లకు సైలెన్సర్ పని పడితే మాత్రం బండి పోయేది రాణిగంజ్‌కో, బాలానగర్‌కో. వేడి రంగును రోజూ చూడాలంటే తల ఎత్తితే చాలు: అద్దాల భవనాల పక్కన పైకి పాకిన జనరేటర్ గొట్టాలు. రాతి ఉన్ని (రాక్ వూల్) చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగి ఉంటాయి. తొడుగు లేని చోట వెండి రంగు.

ఇప్పుడు నా సంగతి. ఒక వానాకాలం ముందు పన్నెండేళ్ల కారుకు ఒక షాపులో మాట్ బ్లాక్ కొట్టించాను. గంటలో పని అయిపోయింది. మూడు వారాలకు వేలితో తాకితే అప్పడంలా పెచ్చు ఊడి వచ్చింది. దాని అడుగున ఎర్రటి మామూలు ప్రైమరు, దాని కింద జిడ్డు. తర్వాత చూసిన ముసలి మేస్త్రీ పెచ్చును తిప్పి చూసి, "గీకలే సార్. పైన రంగు, కింద జంగు" అన్నాడు. ఆయన చేసిన పని రెండు రోజులు పట్టింది. ఇసుక కొట్టించి లోహాన్ని బూడిదరంగుకు తెచ్చాడు. థిన్నర్ గుడ్డతో తుడిచాక చేత్తో ముట్టనివ్వలేదు, వేలిముద్ర నూనె కూడా పూతకు శత్రువేనట. ఆక్సిజన్ సెన్సర్‌కు, బోల్టు మరలకు టేపు చుట్టాడు. ప్రైమరు లేదు. రెండు పలచని పూతలు, రెండూ కలిసి తల వెంట్రుక మందం దాటకుండా. మందంగా వేస్తే లోపలి ద్రావకం వేడికి బుడగలై లేస్తుంది.

ఆ తర్వాత అసలు పని. సిలికోన్ రంగు గాలికి ఆరుతుంది గాని గట్టిపడదు, కాల్చాలి. చాలా డబ్బాల మీద ఉండే పద్ధతి 120 డిగ్రీల దగ్గర అరగంట, 200 దగ్గర అరగంట, 315 దగ్గర మరో అరగంట. ఓవెన్ లేకపోతే ఇంజన్ పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ కాస్త ఎక్కువసేపు నడపాలి. తొలిసారి పొగ వస్తుంది, వాసన వస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తే పక్కింటాయన వాచ్‌మన్‌ను పంపుతాడు. నాకు పంపాడు.

ఎంపిక గొట్టం వెంబడి నడిస్తే తేలిపోతుంది. ఇంజన్‌కు అతుక్కున్న మానిఫోల్డ్ దగ్గర లోహమే ఎర్రబారొచ్చు, అక్కడ డబ్బా రంగు దండగ, నిజమైన సిరామిక్కో, ఎనామిలో ఉండాలి. మధ్య గొట్టానికి వెండి రంగు, సైలెన్సర్ డబ్బాకు నల్ల సిలికోన్ చాలు. పౌడర్ కోటింగ్ ఎక్కడా వద్దు, అది 200 డిగ్రీల దగ్గర కాల్చి చేసే పూత, అంతకు మించితే మాడుతుంది. కొండాపూర్‌లో వీధికొకటి కనిపించే "సిరామిక్ కోటింగ్" బోర్డులు బాడీ మెరుపు కోసం. వాటికీ పొగగొట్టానికీ సంబంధం లేదు.

ఇంత చేసినా మన కారిడార్ కార్ల సైలెన్సర్లు లోపలి నుంచే చస్తాయి. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి. మైండ్‌స్పేస్ నుంచి కొత్తగూడ దాకా ఆగుతూ ఆగుతూ పాకే కారులో చివరి డబ్బా పూర్తిగా వేడెక్కదు. నీళ్లు ఆవిరై పోకుండా అందులోనే నిలుస్తాయి, కాలిన ఇంధనపు ఆమ్లం అందులో కలుస్తుంది. పైన ఎంత ఖరీదైన పూత ఉన్నా దాన్ని ఆపలేదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఒక్క కారుకూ పొగగొట్టం లేదు. అయినా పాత కార్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. మీదీ పాతదే అయితే, వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ఆపకుండా నడపండి. బండి చల్లారాక కింద వంగి, సైలెన్సర్ అడుగున ఉన్న చిన్న నీటి రంధ్రం తెరిచే ఉందో, రంగు కొట్టినవాడు మూసేశాడో చూడండి.