పులస దారిలో ఆనకట్ట

వరద నీరు ఎర్రగా దిగే రోజుల్లో కోనసీమలో పులస మాట రాని ఇల్లు ఉండదు. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత మీరూ వినే ఉంటారు. ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. యానాం రేవులో దాన్ని వేలం వేస్తారు. బెండకాయలు వేసి మట్టి దాకలో వండిన పులుసు హైదరాబాదులోని బంధువుల దాకా ప్రయాణం చేస్తుంది. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు వేసుకోవలసిన ప్రశ్న రుచిని గురించి కాదు. ఒక నది చేప ఇంత అరుదైన వస్తువుగా ఎలా మారిందన్నది మనకు కావలసిన ప్రశ్న.

ముందు చేప సంగతి. సముద్రంలో ఉన్నంత కాలం దీని పేరు ఇలస, కొందరు విలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరద కాలంలో నదిలోకి ప్రవేశించి, ప్రవాహానికి ఎదురీది పైకి పోతుంది. అలా గోదావరి నీటిలో ఈదినదే పులస. బెంగాలీలు ఇలిష్ అనేదీ ఈ జాతినే. అంతర్వేది దగ్గర వశిష్ఠలో, ఓడలరేవు దగ్గర వైనతేయలో, యానాం దిగువన గౌతమిలో ప్రవేశించిన చేప ఏ పాయ పట్టుకుని పైకి వెళ్ళినా చివరకు ధవళేశ్వరం చేరవలసిందే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. 1833 నాటి కరవు, 1839 నాటి తుపాను ఈ ప్రాంతాన్ని ఎంత దెబ్బతీశాయో, కాలువలు వచ్చాక డెల్టా ఎలా కోలుకుందో మీరు చదివే ఉంటారు. కోనసీమ వరిచేలు, కొబ్బరితోటలు ఆ నీటి చలవే. కాటన్ చిత్రపటానికి ఇక్కడి రైతులు దండ వేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ అదే కట్ట, పైకి పోవలసిన చేపకు గోడ అయింది. వరద కట్ట మీదుగా పొర్లినప్పుడు దాటడానికి కొంత వీలుండవచ్చు. వరద తగ్గితే ఆ వీలూ ఉండదు.

ఈ నష్టాన్ని ఎవరో పర్యావరణవాది ఈమధ్య కనిపెట్టాడని అనుకోకండి. 1867లో దీన్ని ప్రభుత్వం దృష్టికి తెచ్చినవాడు కాటనే. మద్రాసు ప్రెసిడెన్సీలో నదులకు అడ్డంగా కట్టిన కట్టలు ఈ చేపను గుడ్లు పెట్టే చోటికి పోనివ్వక, తీరంలో చేపల వేటకు నష్టం కలిగిస్తున్నాయేమోనని ఆయన సందేహం. తాను కట్టినదాని వల్ల కలిగే నష్టాన్ని తానే ఎత్తిచూపిన ఇంజనీరు అరుదు. కాటన్‌ను దేవుడిని చేసేవారూ, వలస పాలకుడని కొట్టిపారేసేవారూ ఈ ఘట్టాన్ని ఒకేలా వదిలేస్తారు.

ఆ తర్వాత మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే విచారణ జరిపాడు. భారతదేశం, బర్మాల మంచినీటి చేపల మీద ఆయన నివేదిక 1873లో వచ్చింది. కట్టల్లో చేపలకు దారులు విడవాలనీ, మరీ చిన్న కన్నుల వలలను కట్టడి చేయాలనీ ఆయన వాదించాడు. భారత మత్స్య చట్టం 1897లో గాని రాలేదు. అప్పటికి డే చనిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆ చట్టం నీటిలో మందుగుండు పేల్చడాన్నీ, విషం కలపడాన్నీ నిషేధించింది. వలల కన్నుల మీద, వేట విరామం మీద నియమాలు చేసే పనిని స్థానిక ప్రభుత్వాలకు వదిలింది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కాటన్ బ్యారేజి పూర్తయింది. ఇప్పుడు చేప దారి, గేట్లు ఎప్పుడు ఎత్తుతారన్నదాని మీద ఆధారపడింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజి వచ్చాక ఎగువ ఊళ్ళలో ఇలిష్ దాదాపు కనుమరుగైందన్న సంగతిని దీనితో పోల్చి చూడండి.

ఇక ధర సంగతి. స్విట్జర్లాండుకు చెందిన ఓరిస్ అనే గడియారాల సంస్థ, సుత్తితల సొరచేపల సంరక్షణకు తోడ్పడడానికి 2,000 గడియారాలే తయారుచేసి అమ్మింది. ఖరీదైన వాచీతో సముద్రం బాగుపడుతుందా అని మీరు నవ్వవచ్చు, నాకూ ఆ అనుమానం ఉంది. అయినా ఒక తేడా గమనించండి. అక్కడ కొరతను మనిషి కావాలని సృష్టించాడు, ఆ కొరత తెచ్చిన సొమ్ములో కొంత జీవి కోసం పోతుంది. ఇక్కడ కొరతను నది కష్టం సృష్టించింది. వేలంలో పెరిగిన సొమ్ములో పులస దారికంటూ తీసిపెట్టే భాగం లేదు. పైగా ధర పెరిగేకొద్దీ గుడ్లతో ఉన్న చేప కోసమే వల పడుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్ర వేట నిషేధం ఉంటుంది. అది జూన్ 14తో ముగుస్తుంది. పులస ఎదురీదేది ఆ తర్వాతే. బంగ్లాదేశ్ ఇలిష్ గుడ్లు పెట్టే అక్టోబరులోనే 22 రోజులు వేట ఆపి, ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇస్తుంది. ప్రపంచ స్థాయి జాబితాలో ఇలస అంతరించే జాతిగా లేదు. జాబితా మొత్తం జాతిని చూస్తుంది, గోదావరిని విడిగా చూడదు.

అభ్యాసం: మీది రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతమైతే, అరవై దాటిన మత్స్యకారులు ఇద్దరితో మాట్లాడండి. వారి చిన్నతనంలో ఏ రేవులో, ఏ నెలలో, ఎంత తూకం పులసలు పడేవో, ఏ వల వాడేవారో వారి మాటల్లోనే రాసుకోండి. ఇద్దరి మాటలూ కలవకపోతే దిద్దకండి, రెండూ ఉంచండి.