మురుగు బాగుచేసిన మేయర్

అమెరికాలో సోషలిస్టు పార్టీ ఏనాడూ దేశాధికారం దక్కించుకోలేదు. కానీ విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరానికి ఆ పార్టీ తరఫున గెలిచిన డేనియల్ హోన్ 1916 నుంచి 1940 దాకా, 24 ఏళ్ళు ఏకబిగిన మేయర్‌గా ఉన్నారు.

1881లో వాకెషాలో పుట్టిన హోన్ చిన్ననాడే బడి మానేసి వంటపనికి కుదిరారు. తర్వాత మళ్ళీ పుస్తకం పట్టి, 1905లో డిగ్రీ అందుకుని, ఆపైన లాయరయ్యారు. 1910లో నగర ప్రభుత్వ న్యాయవాదిగా గెలిచి, ట్రాములూ కరెంటూ గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీతో కోర్టుల్లో తలపడ్డారు. జనానికి ఆయన తెలిసింది అక్కడే.

మిల్వాకీ అసలు కష్టం నీళ్ళది. మూడు నదులు కలిసి మిషిగన్ సరస్సులో పడే చోట ఉందా ఊరు. మురుగంతా నదుల్లోకి, అక్కణ్ణుంచి సరస్సులోకి పోయేది. తాగడానికి తోడుకునేదీ ఆ సరస్సు నీళ్ళే! ఇక టైఫాయిడ్ రాకుండా ఎలా ఉంటుంది?

1925లో నగరంలోని జోన్స్ ఐలండ్‌లో మురుగు శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టింది. మురుగులోకి గాలి ఊది, సూక్ష్మజీవులను పెంచి, మలినాన్ని వాటిచేతే తినిపించే పద్ధతిని అంత భారీ ఎత్తున వాడిన తొలి కేంద్రాల్లో అదొకటి. అడుగున మిగిలిన బురదను ఎండబెట్టి, 1926 నుంచి 'మిలోర్గనైట్' పేరుతో ఎరువుగా అమ్మారు. ఆ బస్తాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. మురుగు పనుల కోసం ప్రత్యేక సంఘం 1913లోనే ఏర్పడింది కాబట్టి ఘనత మొత్తం హోన్‌కే కట్టబెట్టలేం. కానీ ఓటరు కంటికి కనబడని పైపుల పనిని ఏళ్ళ తరబడి వెనకేసుకొచ్చిన నాయకుడిని మెచ్చుకోకుండా ఎలా ఉండగలం?

సొంత పార్టీ పెద్దలే 'మురుగుకాల్వల సోషలిస్టులు' అని మిల్వాకీ వాళ్ళను ఎగతాళి చేశారు. సిద్ధాంతం వదిలేసి కాల్వలు పట్టుకున్నారని వాళ్ళ బాధ. నాకైతే టైఫాయిడ్ నుంచి పేదవాడి పిల్లలను కాపాడటం కంటే పెద్ద సిద్ధాంతం కనబడదు. నగరం పూనుకుని 1920ల మొదట్లో కార్మిక కుటుంబాలకు 'గార్డెన్ హోమ్స్' కట్టించింది కూడా హోన్ హయాంలోనే. ఆరోగ్యకరమైన పెద్ద నగరంగా మిల్వాకీ పలుమార్లు జాతీయ బహుమతులు గెలిచింది.

1940లో యువకుడు కార్ల్ జైడ్లర్ చేతిలో హోన్ ఓడిపోయారు. తర్వాత డెమొక్రటిక్ పార్టీలో చేరి, గవర్నర్ పదవికి రెండుసార్లు పోటీచేసి నెగ్గలేకపోయారు. 1961లో కన్నుమూశారు. ఆయన్ను ఓడించిన కార్ల్‌కు ఫ్రాంక్ అని ఒక తమ్ముడు ఉండేవాడు, సోషలిస్టు. 1948లో మిల్వాకీ ప్రజలు అతణ్ణి మేయర్‌గా ఎన్నుకుని, 1960 దాకా కొనసాగించారు.